చంద్రుడి మీద రాళ్ళు కొట్టిన సినిమా

తైనాన్,
2014 ఫిబ్రవరి 20

గ్యోక్‌థో అక్కకు,

నీ తమ్ముడు సుయిలాయ్ రాస్తున్నది.

కొత్త సంవత్సరానికి నువ్వు పంపిన సీతాఫలాలు అందాయి. సగం దారిలోనే పండిపోయి పెట్టె నిండా జిగురు చేశాయి. అయినా తిన్నాను. అరవై ఎనిమిదేళ్ళ వయసులో పండును తిట్టి పారేసేంత పొగరు ఎవరికీ ఉండదు, నాక్కూడా.

ఇప్పుడు అసలు సంగతి. బడిపిల్లలకు వ్యాకరణం నూరిపోసి, మిగిలిన తీరికలో పత్రికలకు సినిమా వ్యాసాలు రాసి, చివరికి ఒక పుస్తకం రాశాను. మన బెయ్‌మెన్ ఉప్పుమడుల ఊళ్ళో ఉండిన యోంగ్‌లె టాకీసు మీద. తైపేలో వేస్తున్నారు. సంపాదకుడు గావ్ జెంగ్‌షీ. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. అప్పుడు వాడికి వాక్యం ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. ఇప్పుడు నా పుస్తకాన్నే ఆపుతున్నాడు.

మొన్న ఫోన్ చేశాడు.

"గురువుగారూ, ఏడో అధ్యాయం తీసేద్దామండీ."

"ఎందుకట?"

"ఆ చంద్రుడి సినిమా లేదు గురువుగారూ. నేను ఇద్దరు పిల్లల్ని పెట్టి వెతికించాను. ప్రపంచంలో ఎక్కడా లేదు."

"నేను చూశాను."

"చిన్నప్పుడు కదండీ. ఆ రోజు ఒంట్లో జ్వరంగానీ..."

"నాకు లేదు. నీకుందేమో చూసుకో" అని పెట్టేశాను.

వాడు ఊరుకోడని నాకు తెలుసు. జులై ఆఖరులోగా సినిమా పేరు చెప్పకపోతే ఆ అధ్యాయం పోతుంది. అది పోతే మిగతావాటిని మాత్రం ఎవడు నమ్ముతాడు? పోయిన ఏడాది ఒక పత్రికలో ఎవడో నన్ను "ఊహను చరిత్రగా చలామణీ చేసే పెద్దాయన" అన్నాడు. వాడికి నేనే తాంబూలం పెట్టి పిలిచినట్టవుతుంది.

నాకు గుర్తున్నది రాస్తాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. తెర నిండా తెల్లటి నేల, పైన నల్లటి ఆకాశం. ముఖాలకు గుడ్డలు చుట్టుకుని, గుండ్రటి కళ్ళద్దాలు పెట్టుకున్న మనుషులు రాళ్ళు కొడుతుంటారు. వాళ్ళను భూమ్మీది నుంచి చంద్రుడి మీదికి పంపేశారు. ఎందుకు పంపారో గుర్తులేదు. ఒక ఇనప నౌక ఆకాశంలో వేలాడుతూ, ఊగుతూ పోతుంది. కింద భూమ్మీద ఒక ఆడమనిషి పెట్టెలోకి అరుస్తుంటుంది. ఎలా ముగిసిందో ఎంత తన్నుకున్నా గుర్తుకు రావడం లేదు.

పరభాషా సినిమా. తెర పక్కన బల్ల వేసుకుని, మైకు పట్టుకుని క్వా బున్‌హుయి మన మాటల్లో కథ చెప్పాడు. ఆ రోజుల్లో ఏ దేశం సినిమా అయినా మన ఊరికి ఆయన గొంతుతోనే వచ్చేది. ఆ మనిషంటే నాకు ఎప్పుడూ గిట్టదు, అది వేరే సంగతి. వెనక వరుసలో ఎర్రగుడ్డ కప్పిన పోలీసు కుర్చీలో, హాల్లో ఎవరేం అన్నారో వినాల్సిన జవాను గురక పెట్టడం గుర్తుంది. అమ్మ పుచ్చగింజలు ఒలిచి ఒలిచి నా నోట్లో పెట్టడం గుర్తుంది. ఇంక చాలమ్మా అన్నా ఆపలేదు.

నువ్వు నాకంటే అయిదేళ్ళు పెద్దదానివి. నా పక్కనే ఉన్నావు. పేరు గుర్తుందా? ముగింపు గుర్తుందా?

ఆ ఏడాది నేను మర్చిపోగలిగేది కాదు. మన తండ్రి అనే పెద్దమనిషి జపాన్‌లో, కోబేలో ఇంకో సంసారం పెట్టుకున్నాడని తెలిసింది ఆ ఏడాదే. అమ్మ నిన్ను తన దగ్గర ఉంచుకుని నన్ను మేనమామకు దత్తు ఇచ్చేసిందీ ఆ ఏడాదే. ఆ రెండింటి మధ్య నాకు దక్కిన మంచి సాయంత్రం ఇదొక్కటి. దాన్ని కూడా గావ్‌గాడు కొట్టేస్తానంటున్నాడు.

సుయిలాయ్


తైదుంగ్,
ఏప్రిల్ 11

తమ్ముడికి,

ఆలస్యమైంది. సమాధులు ఊడ్చే పండక్కి కొన్ని రోజులు ఇంట్లో లేను. వచ్చాక మోకాళ్ళు పట్టేశాయి. కోడలు ఏదో ఆకు నూరి కట్టింది. నొప్పి అలాగే ఉంది, వాసన మాత్రం ఇల్లంతా.

నువ్వు రాసినవన్నీ నాకూ గుర్తున్నాయి. తెల్లనేల, ఇనప నౌక, పుచ్చగింజలు. పేరు తెలియదు. ఆ రోజుల్లో పేరు చూసి ఎవరు పోయారు? బున్‌హుయి గారు రిక్షాలో తప్పెట కొట్టించుకుంటూ వస్తే పోయేవాళ్ళం.

సినిమా దొరక్కపోతే ఏమైందిరా? ఒక అధ్యాయం తగ్గుతుంది, అంతే కదా. గావ్ చెడ్డవాడు కాదు. నీ పెళ్ళాం పోయినప్పుడు తైపే నుంచి వచ్చి మూడు రోజులు వంటింట్లో గిన్నెలు తోమిన మనిషి. నువ్వు చూడలేదు, నేను చూశాను.

ఒంట్లో జాగ్రత్త. ఉప్పు తగ్గించు.

అక్క


తైనాన్,
మే 6

అక్కకు,

గిన్నెలు బాగా తోముతాడు, నిజమే. అదే పనిలో ఉండాల్సింది.

నీ ఉత్తరం చదివితే నాకొకటి అర్థమైంది. నువ్వేదో దాస్తున్నావు, లేదా ముసలిదానివయ్యావు. రెండోదే అనుకుని నా పని నేను చేసుకుపోతున్నాను.

గావ్‌శ్యోంగ్‌లో రువాన్ అని ఒకడున్నాడు. నలభై దాటిన మనిషి, పెళ్ళి లేదు, కొట్టు నిండా మరబొమ్మలు. లోకంలో తీసిన అంతరిక్ష సినిమాలన్నీ వాడికి కంఠతా అన్నారు. బస్సెక్కి పోయాను. కొట్టులో కూర్చోడానికి కుర్చీ లేదు. మరబొమ్మ పెట్టె మీద కూర్చోబెట్టి పోలీసులా అడగడం మొదలుపెట్టాడు.

"తాతగారూ, రాకెట్టుందా?"

"లేదు. పెద్ద ఇనప తొట్టి లాంటిది ఉంది. ఊగుతూ పోతుంది."

"మంటలు రావా వెనక నుంచి?"

"రావు."

"సరే. చంద్రుడి మీద జీవులున్నాయా? కొమ్ములో, తోకలో?"

"లేవు. కాపలావాళ్ళున్నారు."

"ఆయుధాలు?"

"సుత్తులు."

"సుత్తులతో ఎవర్ని కొడతారు?"

"రాళ్ళని. పొద్దస్తమానం రాళ్ళనే కొడతారు."

నా వైపు జాలిగా చూశాడు. "తాతగారూ, అది సినిమా కాదండీ, ఉద్యోగం" అన్నాడు.

నవ్వాను. కోపం తెచ్చుకుందామంటే బస్సు ఖర్చులకు నవ్వయినా దక్కాలి కదా. వాడు పాపం సాయంత్రం దాకా తన దగ్గరున్న బొమ్మలన్నీ చూపించాడు. జపాన్‌వి, అమెరికావి, ఎక్కడెక్కడివో. ఒక్కదానిలోనూ నా చంద్రుడు లేడు. ఒకదానిలో చంద్రుడి మీద ఆడవాళ్ళు నాట్యం చేస్తున్నారు. ఇంకోదానిలో సాలీడు ఉంది. అంత పెద్ద సాలీడును చూసి ఉంటే నేను మర్చిపోతానా?

ఇంటికి రాగానే గావ్ రాసిన ఉత్తరం. కంప్యూటరులో కొట్టి, కాగితం మీద అచ్చు తీయించి పంపాడు, నేను ఆ యంత్రాన్ని ముట్టుకోనని తెలుసు కాబట్టి. "గురువుగారి జ్ఞాపకం ఒక తీయటి కల. దాన్ని కల అనే పేరుతోనే వేద్దాం" అంటాడు. అన్నం పెట్టినట్టే పెట్టి విస్తరి లాగేయడం అంటే ఇదే.

అక్కా, నన్ను ఎంతమంది ఎన్ని మాటలన్నారో నీకు తెలుసు. నా పాఠాలు తలకెక్కని వాళ్ళు ప్రొఫెసర్లయ్యారు. నా వ్యాసాలు ఎత్తిరాసినవాడు బహుమతి తీసుకున్నాడు, వేదిక మీద నన్ను చూసి తల కూడా ఊపలేదు. అవన్నీ దిగమింగాను. కానీ నా కళ్ళతో చూసింది చూడలేదంటే ఒప్పుకోను. అది కూడా ఒప్పుకుంటే నా దగ్గర ఇంకేం మిగులుతుంది?

సుయిలాయ్


తైదుంగ్,
మే 19

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆఖరి ముక్క చదివినప్పుడు నాకు అన్నం సయించలేదు.

సరే. చంద్రుడి సినిమాల్లో వెతకడం మానెయ్. రాళ్ళ సినిమాల్లో వెతుకు. ఆ రోజు హాలు బయట గోడ మీద అట్టబొమ్మ ఉంది. దానిలో ఒక తెల్లకొండ, ఇద్దరు మగాళ్ళు, మధ్యన ఎత్తు రొమ్ముల ఆడమనిషి. లోపలికి పోయాక ఆ ఆడమనిషి చంద్రుడికి కబురు పంపే పెళ్ళాం అయింది. నాకప్పుడే అనుమానం వచ్చింది, ఈ బొమ్మకూ ఈ కథకూ పొంతన లేదేమిటా అని.

ఇంతకు మించి నన్ను అడగకు.

అక్క


తైనాన్,
జూన్ 24

అక్కకు,

దొరికింది.

ఎలాగో చెబుతాను, ఎందుకంటే ఇది నా విజయం, తీరిగ్గా చెప్పుకోవాలి. ఇక్కడి విశ్వవిద్యాలయంలో పాత సినిమాలు దాచే గది ఉంది. అక్కడ షూ పెయ్‌లిన్ అని ఒక పిల్ల పనిచేస్తుంది. నువ్వు చెప్పిన అట్టబొమ్మ వర్ణించాను. ఎత్తు రొమ్ముల సంగతి మాత్రం చెప్పలేక "బలమైన స్త్రీ" అన్నాను. ఆ పిల్ల పాత ప్రకటనలు తిరగేసి, వారం తర్వాత ఫోన్ చేసింది. ఇటలీ సినిమా. పేరు 'పాలరాతి కొండ'. చిన్న గదిలో నన్నొక్కడినే కూర్చోబెట్టి వేసింది.

మొదటి బొమ్మకే లేచి నిలబడ్డాను. అదే తెల్లనేల. అదే నల్లటి ఆకాశం. అవే గుడ్డలు, అవే కళ్ళద్దాలు. "ఇదే! ఇదే!" అని అరిచాను. పెయ్‌లిన్ పరిగెత్తుకొచ్చి, "కూర్చోండి తాతగారూ, పడిపోతారు" అంది.

కూర్చున్నాను. తర్వాత నిజంగానే పడిపోయాను, లోపల.

అది చంద్రుడు కాదక్కా. పాలరాతి గని. ఆకాశం నల్లగా ఉన్నది రాత్రిపూట పెద్ద దీపాలు పెట్టి తవ్వుతారు కాబట్టి. ముఖాలకు గుడ్డలు దుమ్ముకు. ఇనప నౌక అన్నది కొండ మీంచి రాళ్ళు దించే తొట్టి, తీగ మీద వేలాడుతూ వస్తుంది. ఆడమనిషి అరిచిన పెట్టె గని ఆఫీసులో టెలిఫోను. కథ ఇంకా హీనం. అన్నదమ్ములిద్దరికీ ఒకే పిల్ల కావాలి. అన్న తొట్టిలోంచి పడి చస్తాడు, తమ్ముడు పిల్లను చేసుకుంటాడు. అంతే. దానికోసం నేను అరవై ఏళ్ళు ఆకాశం వైపు చూశాను.

"ఏడుస్తున్నారా తాతగారూ?" అంది ఆ పిల్ల.

"కాదమ్మా, ఒక మనిషిని తిట్టుకుంటున్నాను" అన్నాను.

ఆ మనిషి నీకు తెలుసు. క్వా బున్‌హుయి. పరభాషా సినిమాకు మాటల అర్థం మన అక్షరాల్లో రాసిన గాజు పలకలు దీపం పెట్టి పక్కగోడ మీద వేసేవారు, గుర్తుందా? ఆ రోజు పలకలు రైల్లో పోయాయని వాడే మైకులో చెప్పాడు. పలకలు లేవు, ఇటలీ భాష రాదు, బహుశా తాగి వచ్చాడు. నోటికొచ్చింది చెప్పి ఊరందరి చెవిలో పువ్వు పెట్టాడు. నేను ఆ పువ్వును అరవై ఏళ్ళు వాడిపోకుండా నీళ్ళు పోసి పెంచాను.

ఇంకా ఉంది. ఆ సినిమా అయిన వారంలో వాడు మన ఇంటి వెనక గుమ్మంలోంచి వచ్చి అమ్మతో గుసగుసలాడటం నేను చూశాను. నాలుగైదుసార్లు వచ్చాడు. మొగుడు కోబేలో, వీడు వెనక గుమ్మంలో. ఆ వెంటనే నన్ను మామయ్యకు ఇచ్చేశారు. నేను అడ్డమని కాకపోతే ఎందుకు? చిన్నవాడికి అర్థం కాదనుకున్నారు. అర్థం కాలేదు నిజమే, కానీ మర్చిపోలేదు.

ఏడో అధ్యాయం తిరగరాశాను. ఆఖరి వాక్యాలు ఇవి: "క్వా బున్‌హుయి అనే ఈ వాచాలుడు తన అజ్ఞానాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఒక ఊరి జ్ఞాపకాన్నే కల్తీ చేశాడు. పాలలో నీళ్ళు కలిపినవాడికి జరిమానా వేస్తారు. వీడికి మాత్రం చప్పట్లు కొట్టారు."

గావ్‌కి చాలా నచ్చింది. "ఇప్పుడు అధ్యాయం నిలబడింది గురువుగారూ" అన్నాడు. జులై ఆఖరుకు అచ్చుకు పోతుంది.

సుయిలాయ్


తైదుంగ్,
జులై 1

తమ్ముడూ,

ఆ వాక్యాలు అచ్చుకు పంపకు. తీసెయ్.

బున్‌హుయి గారి కూతురు ఇంకా బెయ్‌మెన్‌లోనే ఉంది. చేపల ఉండల పులుసు అమ్ముకుంటుంది. గోడ మీద తండ్రి ఫోటో, మైకు పట్టుకున్నది. నీ పుస్తకం ఆ ఊరి గురించే కదా, ముందు కొనేది ఆ అమ్మాయే.

అక్క


తైనాన్,
జులై 7

అక్కకు,

కొననీ. తండ్రి ఎలాంటివాడో తెలుసుకునే హక్కు పిల్లలకు ఉంటుంది. నేను తెలుసుకున్నాను కదా.

తీసెయ్యమంటే తీసెయ్యను. కారణం చెప్పు. "ఇంతకు మించి అడగకు" అని మళ్ళీ రాస్తే ఈసారి వెనక గుమ్మం సంగతి కూడా చేరుస్తాను.

సుయిలాయ్


తైదుంగ్,
జులై 14

సుయిలాయ్,

నీకు కారణం కావాలి. రాస్తున్నాను. ఇప్పుడు ఎవరూ ఏమీ అనరని తెలుసు. ఆ రోజులు పోయి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఈ కాగితం తీసే ముందు లేచి తలుపు గడియ వేసి వచ్చాను.

నాన్న కోబే వెళ్ళలేదు.

ఉప్పు ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ, నలుగురితో కూర్చుని ప్రభుత్వానికి గిట్టని పుస్తకాలు చదివేవాడు. అందుకే పోలీసులు తీసుకుపోయారు. నీకప్పుడు అయిదేళ్ళు. ఆయన్నూ, మన ఊరివాళ్ళు ఇంకో ఇద్దర్నీ తూర్పు సముద్రంలో 'కాలిన దీవి' అనే ఖైదీల దీవికి పంపారు. అక్కడ వాళ్ళ చేత సముద్రపొడ్డున రాళ్ళు కొట్టించి, వాళ్ళ చుట్టూ గోడ వాళ్ళ చేతే కట్టించారు. ఉత్తరం రాయడానికి ఇన్ని అక్షరాలే అని లెక్క ఉండేది. అవి కూడా కాపలావాళ్ళు చదివి కత్తిరించేవాళ్ళు. బడిలో నువ్వు వాగుతావేమోనని అమ్మ నీతో కోబే అంది; ఎందుకు రాడని నువ్వు అడగడం మానకపోతే, అక్కడ ఇంకో సంసారం ఉందని చేర్చింది. తర్వాత అదే అందరితోనూ అంది. ఊళ్ళో తెలిసినవాళ్ళు నోరు మూసుకున్నారు. ఎవరి భయం వాళ్ళది.

మన ఇంటి ముందు గుమ్మానికి ఎదురుగా పోలీసు చౌకీ. ఎవరు వచ్చినా రాసుకునేవాళ్ళు. ఇప్పుడు తెలిసిందా, బున్‌హుయి గారు వెనక గుమ్మంలోంచి ఎందుకు వచ్చారో?

ఆ ఏడాది ఆ దీవి నుంచి విడుదలైన మనిషి ఒకడు ఏదో ఊరి హాల్లో ఆయనకు తగిలాడట. బెయ్‌మెన్ వాళ్ళు ముగ్గురి కబుర్లూ చెప్పాడట. వాటిని మూడు ఇళ్ళకు చేర్చాలి. ఇళ్ళకు పోతే ఆయన పేరూ రాసుకుంటారు. ఎవరికీ అనుమానం రాకుండా ఊరంతా ఒకచోట కూర్చునేది హాల్లోనే. రాళ్ళు కొట్టే సినిమా ఒకటి దొరికింది. పలకలు రైల్లో పోలేదురా. ఆయనే తేలేదు. మాటలు అక్షరాల్లో కనిపిస్తుంటే వేరే కథ ఎలా చెబుతాడు?

చేపలమ్మే ఆమె చేత అమ్మకు కబురు పెట్టాడు, పిల్లల్ని తీసుకుని తప్పక రమ్మని. అమ్మకు ఎందుకో తెలియదు. నాకూ తెలియదు.

తెర వెలగగానే ఆయన మొదలుపెట్టాడు. "అయ్యలారా అమ్మలారా, ఇది చంద్రుడి కథ. భూమ్మీద ఎక్కువ ఆలోచించేవాళ్ళను చంద్రుడి మీదికి పంపుతారు. అక్కడ వాళ్ళతో కూర్చుని ఆలోచించడానికి రాళ్ళు బోలెడు దొరుకుతాయి." జనం నవ్వారు. తర్వాత, "ఇంటికి రాయాలంటే చంద్రుడి మీద అక్షరాలకు కరువు" అన్నాడు. అప్పుడు నా పక్కన అమ్మ చేయి ఆగిపోయింది. గింజల పొట్లం విప్పబోతున్న చేయి.

ఇంక వరసగా చెప్పుకుపోయాడు. తెర మీద ఎవడో పొడుగువాడు దగ్గితే, "ఇతనికి పోయిన చలికాలం దగ్గు, ఇప్పుడు తగ్గింది, ఇంట్లోవాళ్ళు బెంగపడొద్దు" అన్నాడు. మన ముందు వరుసలో మందుల కొట్టు ముసలామె రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇంకొకణ్ణి చూపించి, "ఈ ఎత్తుపళ్ళవాడు తోటివాళ్ళకు పాటలు నేర్పుతున్నాడు, గొంతు మాత్రం అలాగే ఉంది, గాడిదలు కూడా చెవులు మూసుకుంటున్నాయి" అన్నాడు. తాన్ వాళ్ళ ఎత్తుపళ్ళ అబ్బాయి నీకు గుర్తులేడేమో. వాళ్ళ అక్క పకపకా నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది.

అప్పుడు తొట్టిలోంచి మనిషి పడ్డాడు.

బున్‌హుయి గారు మైకు నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. హాల్లో యంత్రం చప్పుడొక్కటే. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "ఈ మనిషి ఉప్పు పండే ఊరివాడు. ఎడమచేత్తో రాసేవాడు. చంద్రుడి చలి ఊపిరితిత్తులకు పట్టింది. పోయాడు. నొప్పి ఎక్కువ పడలేదు. తోటివాళ్ళు పక్కనే ఉన్నారు. పోయేముందు, పెద్దపిల్లను చదువు మాన్పించొద్దు అన్నాడు. చిన్నవాడికి ముందుపళ్ళు వచ్చాయా అని అడిగాడు."

సరిగ్గా అప్పుడు జవాను మేలుకున్నాడు. "ఏయ్ బున్‌హుయి! చంద్రుడి సినిమాలో ఉప్పెక్కడిదిరా?"

ఊపిరి పీల్చినవాళ్ళు లేరు. బున్‌హుయి గారు మాత్రం, "అదేంటి దొరా, చంద్రుడంతా ఉప్పే కదండీ! లేకపోతే అంత తెల్లగా ఎందుకుంటాడు? మన ఊరివాళ్ళే ఆరబోసి వచ్చారు!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. జవాను కూడా నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే కనిపెడతారు కదా. నవ్వుతూ గింజలు ఒలిచి నీ నోట్లో పెట్టింది. ఒకటి తర్వాత ఒకటి. నువ్వు చాలమ్మా అన్నావు. ఆపితే తన చేతులు ఏం చేస్తాయో తనకే తెలియదు.

ముగింపు నీకు గుర్తులేకపోవడం నీ తప్పు కాదు. ఆయన చెప్పలేదు. "మిగతావాళ్ళ కథ ఇంకా జరుగుతోంది" అని మైకు కింద పెట్టేశాడు. సినిమా మాటలు లేకుండా ఆడింది. నువ్వు నిద్రపోయావు.

ప్రభుత్వం వాళ్ళ కబురు వచ్చేసరికి చలికాలం వచ్చింది. ఆ మధ్యలో ఆయన వెనక గుమ్మంలోంచి వచ్చి, అమ్మ అడిగినన్నిసార్లు అదే చెప్పాడు. చివర్లో ఏమన్నాడు, ఎలా ఉన్నాడు, అని అమ్మ మళ్ళీ మళ్ళీ అడిగేది. విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు.

నిన్ను మామయ్యకు ఎందుకు ఇచ్చిందో కూడా విను. ఖైదీ కొడుకు అని రికార్డులో ఉంటే నీకు మంచి బడి లేదు, ఉద్యోగం లేదు. నాన్న ఇంటిపేరుతో లిమ్ వాడిగానే ఉంటే నువ్వు ఉపాధ్యాయుడివి అయ్యేవాడివి కాదు. మామయ్య ఇంటిపేరుతో ఖూ వాడివయ్యావు, ఉపాధ్యాయుడివీ అయ్యావు. ఆడపిల్లకు ఎటూ ఉద్యోగం ఇవ్వరు కాబట్టి నన్ను ఉంచుకుంది. నువ్వు దాన్ని నన్ను ముద్దు చేయడం అనుకున్నావు. నేనూ దిద్దలేదు.

తను పోయేదాకా నీకు చెప్పొద్దని అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. అమ్మ పోయాక చెబుదామని కూర్చున్న ప్రతిసారీ నీ దగ్గర్నుంచి నాన్నను తిడుతూ ఉత్తరం వచ్చేది. ఆ తిట్లు ఊతకర్రలా పట్టుకుని నడుస్తున్నావు. లాగేస్తే పడిపోతావేమోనని.

సమాధులు ఊడ్చే పండక్కి నేను ఏటా వెళ్ళేది మా అత్తవారి సమాధులకు కాదు. నాన్న సమాధి ఆ దీవిలోనే ఉంది, ఒడ్డున ఒక గుహ పక్కన. పెళ్ళి సంబంధాలు చూస్తున్నప్పుడు తైదుంగ్ అనగానే నేను సరేనన్నది పెళ్ళికొడుకును చూసి కాదు. మబ్బు లేని రోజున మా మేడ మీంచి ఆ దీవి కనిపిస్తుంది.

ఇప్పుడు నీ ఇష్టం. పంపాలనుకుంటే ఆ వాక్యాలు పంపు.

గ్యోక్‌థో


తైనాన్,
ఆగస్టు 2

అక్కా,

ఇన్నాళ్ళూ జవాబు రాయనిది కోపంతో కాదు. కోపమైతే అదే రోజు రాసేవాణ్ణి, నా సంగతి నీకు తెలుసు.

పెయ్‌లిన్ దగ్గరికి పోయి సినిమా మళ్ళీ వేయించుకున్నాను. ఈసారి ధ్వని తీసేయమన్నాను. నీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని, ఏ మనిషి వచ్చినప్పుడు బున్‌హుయి గారు ఏమన్నారో చూసుకుంటూ కూర్చున్నాను. పొడుగువాడు నిజంగానే దగ్గుతాడు. తొట్టిలోంచి పడేవాడి ముఖం ఒక్క క్షణం కనిపిస్తుంది, ఎవడో ఇటలీ నటుడు. ఆ పిల్ల ఈసారి తలుపు దగ్గరగా వేసి పోయింది.

తర్వాత గావ్‌కి ఫోన్ చేశాను.

"ఏడో అధ్యాయం మార్చాను" అన్నాను.

"గురువుగారూ! అచ్చుకు పోతోందండీ!"

"ఆపు. నువ్వు ఆపడంలో దిట్టవి కదా."

చదివి వినిపించాను. మొదట ఎప్పట్లాగే నోరు చేశాడు. తర్వాత నోరు తగ్గింది. చివరికి, "మరి వెనకాల సినిమాల పట్టికలో దీన్ని ఏ పేరుతో వేయమంటారు? ఇటలీ పేరా?" అన్నాడు.

"కాదు. చంద్రుడి మీద రాళ్ళు అని వెయ్యి. తీసినవారు క్వా బున్‌హుయి. భాష మనది. ఆడినది ఒక్కసారి, బెయ్‌మెన్ యోంగ్‌లె టాకీసులో."

"ఆధారం అడుగుతారండీ."

"నేనొక ఆధారం, మా అక్క ఒక ఆధారం. ఇద్దరం ఇంకా బతికే ఉన్నాం. త్వరపడు."

అటువైపు వాడు కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "మీరు చెప్పినట్టే వేస్తాను గురువుగారూ" అన్నాడు. వాడి గొంతు జీరబోయినట్టు అనిపించింది. జలుబే అయి ఉంటుంది. వాడికి అంతకంటే ఎక్కువ మర్యాద ఇవ్వడానికి నేనింకా సిద్ధంగా లేను.

నిన్న బెయ్‌మెన్ పోయాను. బున్‌హుయి గారి అమ్మాయి కొట్లో పులుసు తాగాను. ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. గోడ మీద ఫోటో కింద నిలబడి నమస్కారం పెట్టాను. ఆమె, "మా నాన్న మీకు తెలుసా అండీ?" అంది. "ఆయన చెప్పిన సినిమా ఒకటి చూశాను. అంతకంటే మంచిది తర్వాత చూడలేదు" అన్నాను. ఆమె ఇంకో గిన్నె పోసింది. ఉప్పు ఎక్కువైంది. తాగేశాను.

నాన్న సంగతి. అరవై ఏళ్ళు తిట్టాను. తిట్టడానికి కోబే చాలా అనుకూలమైన ఊరు, నేను ఎప్పుడూ చూడలేదు కాబట్టి అక్కడ ఏమైనా ఊహించుకోవచ్చు. ఆయనకు లావుపాటి జపాన్ పెళ్ళాన్ని కట్టబెట్టాను, ఇద్దరు పిల్లల్ని కూడా ఇచ్చాను. ఆ పిల్లల పేర్లు పెట్టి మరీ అసూయపడ్డాను. వాళ్ళను ఇప్పుడు ఏం చేయాలో తెలియడం లేదు.

నీ మీద కోపం ఉంది. ఉంచుకుంటాను, ఇన్నేళ్ళు పోయాక ఏ కోపమూ లేకుండా నాకు నిద్రపట్టదు. కానీ అది చిన్నది. నువ్వు భయపడాల్సినంతది కాదు.

సముద్రం రౌద్రం కాకముందే, సెప్టెంబరు మొదట్లో వస్తాను. నన్ను ఆ దీవికి తీసుకుపో. నీ మోకాళ్ళు పట్టేస్తే నా భుజం పట్టుకుని నడువు, అది ఖాళీగానే ఉంది. ఆయన అడిగినదానికి ఎవరైనా పోయి జవాబు చెప్పాలి కదా. ముందుపళ్ళు వచ్చాయి నాన్నా, బాగానే వచ్చాయి, మొన్నటిదాకా ఉన్నాయి అని చెబుతాను.

ఆ పడవ ఎక్కినవాళ్ళందరికీ వాంతులవుతాయని పెయ్‌లిన్ బెదిరిస్తోంది. కానివ్వు. టికెట్లు తీసి ఉంచు. నాకు మధ్యలో సీటు, అటూ ఇటూ ఊగనిది.

నీ తమ్ముడు,
లిమ్ సుయిలాయ్